కుక్కకూ మీకూ కలిపి ఒకే పరీక్ష

పిల్లలూ! కార్ల ర్యాలీ గురించి మీరు వినే వుంటారు. దారిలోని గుర్తులను చూసుకుంటూ కార్లు ఒక మజిలీ నుంచి మరొక మజిలీకి సాగిపోతాయి. మనిషికీ కుక్కకూ కలిపి ఇటువంటి ర్యాలీ పెడితే ఎలా వుంటుంది? అమెరికాలో చార్లెస్ 'బడ్' క్రామర్ అనే ఆయనకు ఈ ఆలోచన వచ్చింది. అలా పుట్టిన ఆటే 'ర్యాలీ ఒబీడియన్స్'. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 2005 జనవరి నుంచి ఇందులో నెగ్గిన కుక్కలకు బిరుదులు ఇస్తున్నది.

పోటీ ఎలా జరుగుతుంది?

బరిలో 10 నుంచి 20 దాకా బోర్డులు వుంటాయి. 'కూర్చోబెట్టు', 'నెమ్మదిగా నడువు', 'కుడికి 270 డిగ్రీలు తిరుగు' – ఇలా ఒక్కొక్క బోర్డు మీద ఒక్కొక్క పని. కుక్క మీ ఎడమ పక్కన నడవాలి. న్యాయనిర్ణేత 'ముందుకు' అన్నాక, బోర్డులు చదువుకుంటూ మీరే సాగాలి. మొత్తం 100 మార్కులు. గట్టెక్కాలంటే 70 రావాలి. కుక్కతో మాట్లాడవచ్చు, 'శభాష్' అనవచ్చు. కాని చేత్తో పట్టి కూర్చోబెట్టకూడదు. బరిలోకి తినుబండారం తేకూడదు. తొలి స్థాయిలో మెడకు తాడు వుంటుంది. అది బిగిస్తే మార్కులు పోతాయి.

కుక్కను ఎలా సిద్ధం చేయాలి?

రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ కుక్కలకు తిండి పెట్టేముందు ప్రతిసారీ ఒక శబ్దం వినిపించాడు. కొన్నాళ్ళకు ఆ శబ్దం వింటేనే వాటికి లాలాజలం ఊరింది. దీనినే 'నిబంధన' అంటారు. 'శభాష్' అన్న వెంటనే బిస్కెట్టు ముక్క పెడుతూవుంటే, ఆ మాట కూడా కుక్కకు బహుమానమే అవుతుంది.

అయితే సమయం ముఖ్యం. కుక్క కూర్చున్నది. మీరు జేబులో వెతుక్కునేలోగా అది లేచింది. అప్పుడు ముక్క పెట్టారనుకోండి, మీరు నేర్పినది కూర్చోవడం కాదు, లేవడం! కనుక కూర్చున్న క్షణంలోనే 'శభాష్' అనాలి.

పని బాగా వచ్చాక తిండి ప్రతిసారీ పెట్టనక్కరలేదు. అప్పుడప్పుడు మాత్రమే బహుమానం దొరికిన అలవాటు ఎక్కువకాలం నిలుస్తుందని స్కిన్నర్ ప్రయోగాలు తెలిపాయి. మరొక సంగతి: వంటింట్లో మాట విన్న కుక్క మైదానంలో వినకపోవచ్చు. అందుకే పెరట్లో, వీధిలో, జనం మధ్యలో మళ్ళీ నేర్పాలి.

మరి మీ సంగతి?

బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం నేలమీద గిట్టతో తట్టి లెక్కలకు జవాబు చెప్పేది. 1907లో ఆస్కార్ ఫుంగ్స్ట్ పరీక్షించి అసలు రహస్యం కనిపెట్టాడు. సరైన సంఖ్య రాగానే ప్రశ్న అడిగినవారి తల తెలియకుండానే కాస్త కదిలేది. అది చూసి గుర్రం ఆగేది. కుక్క కూడా అంతే. మీ భుజం ఎటు తిరిగిందో, అడుగు ఎప్పుడు ఆగిందో గమనిస్తూనే వుంటుంది. మీరు తడబడితే అదీ తడబడుతుంది. అందుకే పోటీకి ముందు కుక్క లేకుండా బాటంతా ఒకసారి నడిచి చూసుకోనిస్తారు.

ఇక ఒక చిన్న లెక్క. మీరు అర మీటరు వ్యాసార్ధంతో కుడికి 270 డిగ్రీలు తిరిగారనుకోండి. మీరు నడిచేది సుమారు 2.4 మీటర్లు. కుక్క మీకు అర మీటరు ఎడంగా, బయటి వలయంలో వుంటుంది. అది నడవవలసింది సుమారు 4.7 మీటర్లు! కుడి మలుపులో కుక్క వెనకబడితే అది మొండితనం కాదని దీనివల్ల తెలుస్తున్నది. మలుపుకు ముందే దానిని హుషారుగా పిలవాలి. ఎడమ మలుపులో మీది బయటి వలయం కనుక అది నిదానించాలి.

చేసి చూడండి

టీకాలు వేయించిన మీ ఇంటి కుక్కతోనే, పెద్దల సమక్షంలో, చల్లని వేళ ఈ ప్రయోగం చేయండి. చేతులు వెనక్కి కట్టుకుని, కదలకుండా 'కూర్చో' అనండి. ఇలా పదిసార్లు. తరువాత నోరు మెదపకుండా చేతి సైగ మాత్రమే పదిసార్లు చేయండి. ఎన్నిసార్లు కూర్చున్నదో నోటుబుక్కులో రాయండి. మీ కుక్క వింటున్నది మీ మాటనా, మీ చేతినా అన్నది ఆ రెండు అంకెలూ చెబుతాయి.