పాత కంప్యూటర్‌లో 3 టీబీ డిస్క్ 746 జీబీగా ఎందుకు కనిపిస్తుంది?

బస్తర్‌లో తెలంగాణ సరిహద్దున ఉన్న తర్లగూడ వంటి ఊరికి నగరం నుంచి తెచ్చుకున్న హార్డ్ డిస్క్‌ను మార్చుకోవాలంటే మళ్లీ దూర ప్రయాణం చేయాలి. అయితే పాత కంప్యూటర్‌లో 3 టీబీ డిస్క్ 746 జీబీగా కనిపించినంత మాత్రాన అది చెడిపోయినట్టు కాదు.

డిస్క్‌పై సమాచారాన్ని 512 బైట్ల సెక్టార్లుగా లెక్కిస్తారు. 1983 నాటి ఎంబీఆర్ పట్టిక సెక్టారు సంఖ్యను 32 బిట్లలో నమోదు చేస్తుంది. అందులో ఇమిడేవి సుమారు 429 కోట్ల సంఖ్యలే, అంటే 2.2 టీబీ. ఆ హద్దు దాటితే కొన్ని పాత డ్రైవర్లలో లెక్క, స్కూటరు మీటరు తిరిగినట్టు, మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 3 టీబీలో 2.2 పోగా మిగిలిన 0.8 టీబీనే విండోస్ 746 జీబీగా చూపుతుంది. అసలు ప్రమాదమూ ఇక్కడే ఉంది. హద్దు దాటి రాసిన ఫైలు డిస్క్ మొదట్లోని సమాచారాన్ని చెరిపివేయవచ్చు. అంతకుముందు 137 జీబీ వద్దా ఇటువంటి చిక్కే ఎదురైంది.

64 బిట్ల సంఖ్యలు వాడే జీపీటీ పట్టికకు ఈ హద్దు లేదు. విస్టా, ఆ తర్వాతి విండోస్‌లు దీనిని చదువుతాయి. కానీ జీపీటీ డిస్క్ నుంచి విండోస్ ప్రారంభం కావాలంటే యూఈఎఫ్‌ఐ తప్పనిసరి. పాత బయోస్ యంత్రంలో విండోస్‌ను చిన్న డిస్క్‌పైనే ఉంచి, పెద్దదానిని ఫైళ్లకు వాడుకోవడం మేలు. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎంబీఆర్‌ను జీపీటీగా మార్చాలంటే పార్టిషన్లన్నీ తొలగించాలి కనుక ముందే ఫైళ్లకు నకలు తీసుకోవాలి. 32 బిట్ ఎక్స్‌పీ మాత్రం జీపీటీ డిస్క్‌లోని ఫైళ్లను చదవలేదు.