చిన్న ట్రాక్టరు వెనుక కొక్కెమును బలపరచుట

ఎద్దుబండి తోలినవారికి ఒక సంగతి తెలియును. బస్తాలను బండిలో మరీ ముందుకు వేసినచో కాడి ఎద్దుల మెడలను నొక్కును. మరీ వెనుకకు వేసినచో కాడి పైకి లేచి పలుపులు గొంతులను బిగించును. అందుచేత అనుభవశాలి బరువును ఇరుసునకు రవంత ముందుగా సర్ది, కాడిపై కొద్దిగా మాత్రమే ఆననిచ్చును. ట్రాక్టరు వెనుక కొక్కెమును గురించి నేను చెప్పబోవు దానిలో సగము ఈ బండివాని తెలివియే.

మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములలో బత్తాయి, నిమ్మ తోటలున్నవారు కొందరు పదునైదు, ఇరువది అశ్వశక్తి గల చిన్న ట్రాక్టరులను వాడుచున్నారు. చెట్ల వరుసల నడుమ దున్నుటకును, మందు చల్లుటకును ఇవి అనువైనవి. కాని వానలు మొగము చాటువేసిన యేట బోరులు అడుగంటును. దూరమునుండి ట్యాంకరుతో నీరు తోలి చెట్లను దక్కించుకొనవలసి వచ్చును. ఐదారేండ్లు పెంచిన చెట్టు ఒక్క వేసవిలో ఎండినచో ఆ నష్టము మరల ఐదారేండ్లకుగాని తీరదు. కనుక మందు చల్లుటకు కొన్న ట్రాక్టరునకే ట్యాంకరును తగిలింతురు. పది దినములలో కొక్కెము గల ప్లేటు క్రిందికి వంగును. వెంటనే వెల్డింగు షాపునకు పోయి అంతకు రెండింతల మందముగల ప్లేటు వేయింతురు.

నేనును మొదట అదియే చేసితిని. ఆరు మిల్లీమీటర్ల ప్లేటు తీసి పండ్రెండు మిల్లీమీటర్లది వేయించితిని. మందము రెండింతలైనచో వంపునకు ఓర్చు బలము నాలుగింతలగును. ప్లేటు వంగలేదు. దానిని పట్టియున్న బోల్టులు మాత్రము గేరుపెట్టె పోత ఇనుమును పగులగొట్టుకొని బయటికి వచ్చినవి. వంగిన ప్లేటును సరిచేయుట ఒక పూట పని. గేరుపెట్టె పగిలినందున ఆ వేసవి అంతయు ట్రాక్టరు మూలపడినది. బరువు ఎక్కడికిని పోలేదు. ప్లేటును విడిచి దాని తరువాతి బలహీనమైన చోటిని పట్టుకొన్నది.

ఆ బరువు ఎంతయో చూడుడు. వేయి లీటర్ల నీరు వేయి కిలోలు. తొట్టి, చక్రములు మరి 300 కిలోలనుకొందము. చదునైన తారురోడ్డుపై ఈ 1,300 కిలోలను కదలించుటకు ముప్పది, నలువది కిలోల లాగుడు చాలును. దుక్కినేలలో చక్రములు దిగబడును గనుక మొత్తము బరువులో పదవవంతు, అనగా 130 కిలోలు కావలెను. పది అడుగులకు ఒక అడుగు లేచు మిట్ట ఎక్కవలసినచో దానికి మరియొక 130 కలియును. క్లచ్చి ఒక్కసారి వదలినను, చక్రము గుంటలో పడినను వచ్చు కుదుపు దీనికి ఎన్నో రెట్లుండును. ఇది వెనుకకు లాగు బలము. ఇదికాక రెండు చక్రముల ట్యాంకరు తన బరువులో కొంత కొక్కెముపై ఆనించును. ప్లేటును క్రిందికి వంచునది ఈ ఆనిక. కొక్కెము బోల్టులనుండి జానెడు దూరమున కాక రెండు జానల దూరమున ఉన్నచో, అదే బరువు బోల్టులను రెండింతలుగా పెకలించును. ట్యాంకరు మలుపులో టైరుకు తగులుచున్నదని కొక్కెమును వెనుకకు పొడిగించుట చాలచోట్ల చూచుచున్నాను. అంతకంటె ట్యాంకరు ముందుకడ్డీని పొడిగించుట మేలు.

ఇక బలపరచు విధము. కొక్కెమునుండి రెండు ఇనుప పట్టీలను ట్రాక్టరు పొట్టక్రిందుగా ముందుకు తీసికొనిపోయి, ఇరుసు గొట్టముల బోల్టులకో, ఛాసిస్ ఉన్న బండియైనచో దానికో బిగింపవలెను. అప్పుడు లాగుడు నాలుగు బోల్టులపై కాక పది చోట్ల పంచబడును. పట్టీలను వెడల్పు నేలవైపు ఉండునట్లు పడుకోబెట్టరాదు, అంచుపై నిలబెట్టవలెను. మార్కాపురము పలకను చేతబట్టి చూచినచో ఇది బోధపడును. పరుపుగా పట్టి నొక్కిన పలక పుటుక్కున విరుగును. అంచుమీద నిలిపి నొక్కిన పలకను విరుచుట కష్టము. 50 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందము గల పట్టీ అంచుపై నిలిచినపుడు, పడుకొన్నప్పటికంటె ఐదింతల బలము చూపును. అదనముగా ఇనుము ఒక్క తులమైనను అక్కరలేదు. మూలలలో త్రికోణపు బిళ్లలు అతికించినచో మరింత మేలు.

గేరుపెట్టెకు మాత్రము నేరుగా వెల్డింగు చేయనీయకుడు. అది పోత ఇనుము. అందులో బొగ్గుపాలు హెచ్చుగా ఉండుటచే, వెల్డింగు వేడి చల్లారునపుడు అతుకు ప్రక్కనున్న భాగము గాజువలె పెళుసెక్కి చీలును. పట్టీలను బయట అతికించుకొని బోల్టులతోనే బిగింపవలెను. బోల్టు తలపై 8.8 అను అంకె ఉన్నదేమో చూచుకొనుడు. అంకె లేని మెత్తని బోల్టు దీనికి పనికిరాదు. వెల్డింగు బండిమీదనే చేయక తప్పనిచో బ్యాటరీ తీగలు విప్పి, ఎర్తు క్లాంపును అతుకు ప్రక్కనే తగిలింపవలెను. లేనిచో కరెంటు బేరింగులగుండా పోయి వాటిని చెరచును.

కొక్కెము ఎత్తు అన్నిటికంటె ముఖ్యము. ఇది ప్రాణములకు సంబంధించినది. ట్యాంకరు గుంటలో చిక్కి కదలనపుడు ఇంజను ట్రాక్టరు ముందుభాగమునే పైకెత్తజూచును. కొక్కెము నేలనుండి ఒక అడుగు ఎత్తుననున్నప్పటికంటె రెండడుగుల ఎత్తున ఉన్నపుడు ఆ ఎత్తు బలము రెండింతలు. ముందుచక్రములు లేచి ట్రాక్టరు వెనుకకు తలక్రిందులగుటకు ఒకటి రెండు సెకనులు చాలును; క్లచ్చి త్రొక్కు వ్యవధి కూడ ఉండదు. ఐర్లండు దేశస్థుడు హ్యారీ ఫెర్గూసన్ రూపొందించి, 1939లో ఫోర్డు ట్రాక్టరుతో విరివిగా అమ్మకమునకు వచ్చిన మూడు కడ్డీల అమరిక నాగలికి ఈ బెడదను చాలవరకు తగ్గించెను. అందులో పై కడ్డీ నాగలి త్రోపును ముందుకు మరల్చి ముందుచక్రములను నేలకు అదిమిపట్టును. ఆ కడ్డీ నాగలికే. దాని కొనకు గొలుసు తగిలించి బరువులు లాగరాదు. క్రింది కడ్డీల నడుమ అడ్డకమ్మి వేసి ట్యాంకరు తగిలించువారు, లిఫ్టు పొరపాటున లేచినను కమ్మి వెనుక ఇరుసు ఎత్తు దాటకుండ కడ్డీలను బందుచేసికొనవలెను.

కొక్కెము ఎంత బలపడినను బ్రేకులు బలపడవు. పదునైదు అశ్వశక్తి ట్రాక్టరు బరువు సుమారు 800 కిలోలు; వెనుకనున్నది 1,300. పల్లమునందు బరువైనదే తేలికైనదానిని త్రోయును. ఇట్టి బండికి 500 లీటర్ల తొట్టి తగినది. రెండు దఫాలు తిరుగుట శ్రమయే, డీజిలును కొంత హెచ్చగును. అయినను నేనిప్పుడు అట్లే తోలుచున్నాను. సగము నిండిన తొట్టిలో నీరు ముందు వెనుకలకు ఊగి కొక్కెమును సుత్తితో కొట్టినట్లు కొట్టును. తొట్టిలోపల రంధ్రములున్న అడ్డుపలకలు వేయించినచో ఆ పోటు తగ్గును. పిన్ను ఊడినను ట్యాంకరు విడిపోకుండ ఒక గొలుసు తగిలించి ఉంచుడు. క్రొత్తగా బిగించిన బోల్టులు మొదటి నాలుగైదు దఫాలలోనే సడలును. ప్రతి సాయంకాలము స్పానరు వేసి చూడవలెను. బోల్టు ప్రక్కన ఎర్రని త్రుప్పుపొడి కనబడినచో అక్కడ ప్లేటు కదలుచున్నదని గుర్తు.