బ్యాటరీకి పని చెప్పేదెవరు?

2023 ఏప్రిల్ 2, సాయంత్రం. హవాయి దీవుల్లోని కవాయిలో చమురుతో నడిచే పెద్ద టర్బైన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ సమయానికి దీవి కరెంటులో 60 శాతం దాని నుంచే వస్తోంది. పొరుగు నుంచి తెచ్చుకుందామంటే చుట్టూ సముద్రమే. అయినా దీవి చీకటి కాలేదు. సోలార్ ప్లాంట్ల పక్కనున్న బ్యాటరీలు రెప్పపాటులో లోటును అందుకున్నాయి.

గ్రిడ్‌లో వాడకానికి తగ్గ ఉత్పత్తి ప్రతి క్షణం ఉండాలి. తేడా వస్తే ముందుగా ఫ్రీక్వెన్సీలో తెలుస్తుంది. మన దేశంలో అది 49.90, 50.05 హెర్ట్జ్‌ల మధ్య ఉండాలని నిబంధన. థర్మల్, జల విద్యుత్ కేంద్రాల్లో టన్నుల బరువున్న యంత్రాలు తిరుగుతుంటాయి. ఉత్పత్తి పడిపోయినా ఆ తిరుగుడులోని శక్తి ఫ్రీక్వెన్సీని ఒక్కసారిగా జారనివ్వదు. సోలార్ పలకల్లో తిరిగేదేమీ లేదు. ఆ పని నియంత్రణ వ్యవస్థే చేయాలి.

అది మూడు వేగాల్లో పనిచేస్తుంది. మొదటిది మిల్లీసెకన్లలో. పలకల నుంచి, బ్యాటరీ నుంచి వచ్చే డీసీని ఏసీగా మార్చేది ఇన్వర్టర్. చాలా ఇన్వర్టర్లు బుర్రకథలో వంతల్లాంటివి: గ్రిడ్‌లో అప్పటికే ఉన్న వోల్టేజీ తరంగాన్ని అందుకుని దాని వెంట నడుస్తాయి. ఆ తరంగమే చెదిరితే తడబడతాయి. ‘గ్రిడ్ ఫార్మింగ్’ ఇన్వర్టర్లు అలా కాదు, తరంగాన్ని తామే నిలబెడతాయి. కవాయిని ఆదుకున్నది ఈ రకమే.

రెండోది సెకన్లు, నిమిషాల్లో. మబ్బు కమ్మితే సోలార్ ఉత్పత్తి చకచకా పడిపోతుంది. తగ్గినంత మేర బ్యాటరీ నుంచి తీసి, గ్రిడ్‌కు వెళ్లే కరెంటు నెమ్మదిగా మారేలా కంట్రోలర్ చూస్తుంది.

మూడోది గంటల లెక్క. కవాయిలోని లావాయి ప్లాంటులో 28 మెగావాట్ల సోలార్ పలకలకు తోడు 100 మెగావాట్-అవర్ల బ్యాటరీ ఉంది. అంటే లక్ష యూనిట్లు, 20 మెగావాట్ల చొప్పున ఐదు గంటలు. పగటి ఎండను సాయంత్రపు వాడకానికి దాచడం దాని ముఖ్యమైన పని. రేపటి వాతావరణం, వాడకం ముందే అంచనా వేసి, ఎప్పుడు నింపాలో ఎప్పుడు ఖాళీ చేయాలో సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది.

చిక్కంతా ఇక్కడే. ఒకే యూనిట్‌ను రెండు పనులకు వాడలేం. సాయంత్రం గిరాకీకి బ్యాటరీని అడుగంటా ఊడ్చేస్తే, ఆ తర్వాత యంత్రమేదైనా ఆగితే ఇవ్వడానికేమీ మిగలదు. నిండా నింపి ఉంచితే హఠాత్తుగా వచ్చే మిగులును పుచ్చుకోలేదు. ఎక్కువ కాలం నిండుగా ఉంచినా, పదేపదే పూర్తిగా ఖాళీ చేసినా బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. అందుకే మంచి కంట్రోలర్ కొంత ఛార్జిని, కొంత ఖాళీని ఎప్పుడూ అట్టే పెడుతుంది. ఆ వాటాను అమ్మితే వచ్చే రాబడి వదులుకోవాల్సిందే. ఆ నష్టం గ్రిడ్ భద్రతకు కట్టే బీమా.

మనకూ ఈ లెక్క అవసరమే. నంద్యాల జిల్లా పిన్నాపురంలో సోలార్, పవన విద్యుత్తుకు తోడుగా నీటిని పైకి తోడి నిల్వ చేసే 1,680 మెగావాట్ల పథకం ఉంది. గంటల తరబడి విద్యుత్తును అందించడానికి అలాంటిది తగినదే. మిల్లీసెకన్లలో స్పందించాలంటే మాత్రం బ్యాటరీ, దానికి తగిన ఇన్వర్టర్ కావాలి. కాబట్టి బ్యాటరీ కొనే డిస్కంలు ఎన్ని మెగావాట్-అవర్లని అడిగి ఊరుకోకూడదు. ఇన్వర్టర్ ఏ రకం, అత్యవసరానికి ఎంత అట్టే పెడతారు అన్నవీ టెండరులో రాయించాలి.