గంజాయిపై అమెరికా నాయకుల మాట – వైద్యుని మాట

పాఠక మహాశయులు ఈ నెల నన్ను మన్నింపవలెను. వర్షఋతుచర్యను గురించి వ్రాయుదునని క్రితము సంచికలో మాట ఇచ్చియుంటిని. ఆ వ్యాసము సగము వ్రాసిన పిదప జరిగిన ఒక సంఘటన నా కలమును వేరొక దారికి మళ్ళించినది.

మా ఊరి విశ్రాంత ప్రధానోపాధ్యాయులొకరు, వారి ధర్మపత్ని, న్యూజెర్సీలో కుమారుని ఇంట ఆరు మాసములుండి తిరిగి వచ్చినారు. వచ్చిన వారమునకే నా వైద్యశాలకు వచ్చినారు. ఆమె ఎడమ మణికట్టుకు కట్టు ఉన్నది. ఏమైనదమ్మా అంటే, "రాత్రివేళ స్నానాల గదికి పోతూ తూలి పడ్డాను అన్నయ్యగారూ, నేల ఎక్కడో ఉన్నట్లు, నా కాళ్ళు ఎవరివో అయినట్లు అనిపించింది" అన్నారు. ఆమెకు రక్తపోటు ఎక్కువ లేదు, మధుమేహము లేదు. మోకాళ్ళ నొప్పి, నిద్రలేమి మాత్రము చాలా కాలముగా ఉన్నవి. కొంత తటపటాయించి, మాస్టారుగారే అసలు సంగతి చెప్పినారు. తల్లి బాధ చూడలేక కొడుకు అక్కడి దుకాణమునుండి గంజాయి సారము కలిపిన జెల్లీ బిళ్ళలు తెచ్చి ఇచ్చినాడు. వాటిని అక్కడ గమ్మీలు అందురట. ఒకటి తిన్న గంటవరకు ఏమియు తెలియకపోవుటచే ఆమె ఇంకొక సగము తిన్నారు. రెండవ గంట తరువాత పడిపోయినారు.

నేను కొంచెము కోపముగానే, "చెప్పకుండా ఇటువంటిది తినవచ్చునా?" అన్నాను. అందుకు మాస్టారుగారు నింపాదిగా ఇచ్చిన జవాబు ఇది: "అయ్యా, విజయ అనే పేరుతో గంజాయి మన శాస్త్రములో దివ్యౌషధమని గ్రంథాలయ సభలో మీరే కదా చెప్పినారు! ఇక అమెరికాలో ట్రంపుగారూ సరే అన్నారు, కమలా హారిస్‌గారూ సరే అన్నారు. ఇద్దరు వైరులు ఒక మాటపై నిలిచినారంటే అందులో దోషమేమి ఉండును అనుకొన్నాము."

ఆ సభలో ఆ మాట అన్నది నేనే. దానికి నేనే బాధ్యుడను. కనుక ఆయన అడిగిన రెండు సంగతులకు, అనగా నాయకుల మాటకు, శాస్త్రము మాటకు, ఇక్కడ సమాధానము వ్రాయుట నా విధి అనుకొన్నాను. పిల్లలు విదేశములలో ఉన్న ఇండ్లు మన పాఠకులలో అనేకము కలవు.

ముందుగా నాయకుల సంగతి. అమెరికాలో 1970లో వచ్చిన చట్టము మత్తు ద్రవ్యములను ఐదు పట్టికలుగా విభజించినది. మొదటి పట్టికలోనివి వైద్యమునకు పనికిరానివి, దుర్వినియోగమునకు ఎక్కువ అవకాశము గలవి అని లెక్క. హెరాయిన్‌తో పాటు గంజాయిని కూడా అందులోనే చేర్చినారు. రెండేండ్లకు, అధ్యక్షుడు నిక్సన్ నియమించిన సంఘమే, స్వల్పముగా దగ్గర ఉంచుకొన్నవారిని నేరస్థులుగా చూడవద్దని నివేదిక ఇచ్చినది. నిక్సన్ దానిని త్రోసిపుచ్చినారు. 1977లో జిమ్మీ కార్టర్ ఒక ఔన్సు వరకు శిక్ష తొలగించవలెనని కాంగ్రెసును కోరినారు. అది నెరవేరలేదు. తరువాత రోజులు మారి, గంజాయి పేరెత్తుటకే అభ్యర్థులు జంకినారు. 1992లో బిల్ క్లింటన్ తాను ఒకసారి ప్రయత్నించినాను గాని పొగ లోనికి పీల్చలేదని చెప్పి లోకమునకు నవ్వు పుట్టించినారు.

దారి తెరచినది నాయకులు కారు, ఓటర్లు. 1996లో కాలిఫోర్నియా ప్రజలు వైద్యావసరములకు, 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రముల ప్రజలు వినోదమునకు సైతము ఓటు వేసి అనుమతించినారు. 2024 చివరకు 24 రాష్ట్రములలో పెద్దవారికి అమ్మకము గాని వాడకము గాని చట్టబద్ధమైనది. న్యూజెర్సీలో 2022 ఏప్రిల్ నుండి 21 ఏండ్లు నిండినవారికి దుకాణములలో అమ్ముచున్నారు. ప్రజలు ముందు నడచిన పిదప నాయకులు వెనుక వచ్చినారు. కమలా హారిస్ 2010లో కాలిఫోర్నియాలో ఇటువంటి ప్రతిపాదననే వ్యతిరేకించినారు. 2019 నాటికి సెనేటులో నిషేధము ఎత్తివేయు బిల్లును ప్రవేశపెట్టినారు. 2024 అక్టోబరులో, అధ్యక్ష పదవికి పోటీ చేయుచు, దేశమంతటా చట్టబద్ధము చేయుదునన్నారు. జో బైడెన్ 2020లో అంత దూరము పోలేదు. ఎవరినీ జైలుకు పంపరాదు, కాని చట్టబద్ధము చేయుట వేరు అన్నారు. 2022 అక్టోబరులో, స్వల్పముగా దగ్గర ఉంచుకొన్నందుకు కేంద్ర చట్టము క్రింద శిక్ష పడినవారికి క్షమాభిక్ష ప్రకటించినారు. 2024 మే నెలలో ఆయన ప్రభుత్వము గంజాయిని మొదటి పట్టికనుండి మూడవ పట్టికకు మార్చుటకు ప్రతిపాదన చేసినది. డొనాల్డ్ ట్రంప్ 2024 సెప్టెంబరులో, ఫ్లోరిడాలో జరుగబోవు ప్రజాభిప్రాయ సేకరణలో తాను అనుకూలముగా ఓటు వేయుదునని, పట్టిక మార్పునకు తాను సమ్మతమని ప్రకటించినారు. ఆయన పార్టీకే చెందిన ఫ్లోరిడా గవర్నరు డిశాంటిస్ దానిని గట్టిగా ఎదిరించినారు. అనుకూలముగా 56 శాతము వరకు ఓట్లు పడినను, అక్కడ 60 శాతము కావలసియుండుటచే అది వీగిపోయినది. గెలిచిన పిదప, 2025 డిసెంబరులో, ట్రంప్ పట్టిక మార్పును త్వరగా ముగింపవలసినదిగా ఉత్తర్వు ఇచ్చినారు.

ఇంత వివరముగా వ్రాయుటకు కారణము కలదు. పై మాటలలో దేనినైనను మరల చదివి చూడండి. ఎవరిని జైలులో ఉంచవలెను, అధికారము రాష్ట్రములదా కేంద్రముదా, పరిశోధనకు అడ్డు తొలగవలెనా, అనునవే అభ్యర్థులు చర్చించిన ప్రశ్నలు. ఈ మూడింటిలోను న్యాయమైన వాదములు ఉన్నవి. చిటికెడు ఆకు దొరికినందుకు ఒక యువకుని బ్రదుకు పాడుచేయుట నాకును సమ్మతము కాదు. కాని అరువది ఆరు ఏండ్ల వాతప్రకృతి గల స్త్రీ నిద్ర కొరకు దీనిని తినవచ్చునా అను ప్రశ్నను వారిని ఎవరూ అడుగలేదు, వారు చెప్పనూ లేదు. మాస్టారుగారు ఒక ప్రశ్నకు వచ్చిన జవాబును తెచ్చి వేరొక ప్రశ్నకు అతికించినారు.

పైగా మూడవ పట్టికకు మార్చినంత మాత్రమున దుకాణపు గంజాయికి కేంద్ర చట్టము అనుమతి ఇచ్చినట్లు కాదు. ఆ పట్టికలోనివి వైద్యుని చీటీతో ఇవ్వవలసిన మందులు. మన పిల్లలకు ఇది మరీ ముఖ్యము. పౌరులు కానివారు, అనగా వీసాపై గాని గ్రీన్ కార్డుపై గాని ఉన్నవారు, తమ రాష్ట్రములో చట్టబద్ధమైనను, గంజాయి వాడినామని ఒప్పుకొన్నచో దేశప్రవేశమునకే ఆటంకము కలుగవచ్చును. పౌరసత్వపు దరఖాస్తులో సైతము దీనిని సత్ప్రవర్తనకు లోపముగా ఎంచవచ్చునని అక్కడి వలస శాఖ 2019లో స్పష్టముగా తెలిపినది. ఆ పరిశ్రమలో ఉద్యోగము చేయుట కూడా ఇబ్బంది తెచ్చును. ఈ సంగతి మాస్టారుగారి కుమారునికి తెలియదు. ఆయన మరుసటి సంవత్సరము పౌరసత్వమునకు దరఖాస్తు చేయదలచినాడట! వెంటనే అక్కడి న్యాయవాదిని సంప్రదించుమని చెప్పినాను.

మన దేశములో 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము గంజాయి అను మాటకు పూత, కాయ కల కొనలనే అర్థముగా చెప్పినది. కొనలు లేని ఆకును, గింజను విడిచినది. అందుచేతనే కొన్ని రాష్ట్రములలో ఆకుతో చేయు భంగు ఇంకను నిలిచియున్నది. గంజాయి సారము కలిపిన మిఠాయికి ఈ మినహాయింపు వర్తించునని ఎవరూ భ్రమపడరాదు. పెట్టెలో పెట్టుకొని విమానము దిగినవారు కారాగారము చూడవలసి వచ్చును. మన నాయకులలోను దీనిపై మాట్లాడినవారు లేకపోలేదు. 2014లో పటియాలా నుండి లోక్‌సభకు ఎన్నికైన ధర్మవీర గాంధీగారు స్వయముగా హృద్రోగ వైద్యులు. సహజమైన మొక్కల మత్తును, రసాయనపు మత్తును ఒకే శిక్షాస్మృతితో కొలువరాదని ఆయన ప్రైవేటు బిల్లు తెచ్చినారు. 2017లో కేంద్ర మంత్రిగా ఉండగా మేనకా గాంధీగారు వైద్యావసరములకు అనుమతింపవలెనన్నారు. 2024లో హిమాచల్ ప్రదేశ్ శాసనసభ ఔషధ, పారిశ్రామిక అవసరముల సాగుకు అనుకూలముగా తీర్మానించినది.

ఇక శాస్త్రము మాట. చరక సుశ్రుతములలో విజయకు పెద్ద స్థానము లేదు. శార్ఙ్గధరుడు దీనిని నల్లమందుతో జతచేసి వ్యవాయి ద్రవ్యమునకు ఉదాహరణగా చూపినాడు. జీర్ణము కాకమునుపే దేహమంతటను వ్యాపించి, తరువాత పాకము చెందునది వ్యవాయి. పదునారవ శతాబ్దపు భావమిశ్రుడు దీనిని తిక్తము, ఉష్ణము, తీక్ష్ణము, లఘువు, గ్రాహి అని, కఫమును హరించునని, అగ్నిని పెంచునని చెప్పినాడు. అదే చోట పిత్తమును పెంచునని, మోహమును, మదమును, వదరుతనమును కలిగించునని కూడా చెప్పినాడు. గ్రంథాలయ సభలో నేను మొదటి సగమే చెప్పినాను. చప్పట్లు కొట్టు సభలో రెండవ సగము చెప్పుట వక్తకు కష్టము. ఆ పాపము నాది. రసగ్రంథములు దీనిని ఉపవిషములలో లెక్కించినవి. నేటికిని మన ఔషధ నియమములలోని విషద్రవ్యముల పట్టికలో భంగు ఉన్నది. దానితో చేసిన మందు వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెనని సీసాపై వ్రాయుట తప్పనిసరి.

మా గురువుగారి ఇంట జాతీఫలాది చూర్ణము చేయునపుడు విజయ అవసరమయ్యెడిది. గ్రహణీ రోగమునకు అది ప్రసిద్ధ యోగము. ఎక్సైజు శాఖ పర్మిట్టుతో తెచ్చిన ఆకును ఆయన తాళము వేసిన పెట్టెలో ఉంచి, తాళపుచెవి మొలత్రాటికి కట్టుకొనెడివారు. ఆకుపచ్చని రంగు దిగుట మానువరకు నీరు మార్చి మార్చి మాచేత కడిగించెడివారు. నీడను ఆరబెట్టి, ఆవునేతిలో సన్నని సెగపై వేయించిన పిదపనే తూకమునకు వచ్చెడిది. నేను శిష్యుడనుగా ఉన్న కాలమంతటిలో ఆయన నిద్రకొరకు దీనిని ఇచ్చుట ఎన్నడూ చూడలేదు. వృద్ధులకు ఇచ్చుట అరుదు. ఉన్మాదపు ఛాయ ఉన్న ఇంటివారికి, గర్భవతులకు అసలే లేదు.

నేటి గంజాయి ఆనాటి ఆకు వంటిది కూడా కాదు. అమెరికాలో పట్టుబడిన సరకును పరీక్షించగా, మత్తు కలిగించు టీహెచ్‌సీ అను పదార్థము 1995లో సుమారు 4 శాతము ఉండగా, ఇటీవలికి 15 శాతమునకు చేరువైనది. తీసిన సారములలో 60 శాతమును మించును. పొగగా పీల్చినచో నిమిషములలో తెలియును. మిఠాయిగా తిన్నచో అరగంట నుండి రెండు గంటలు పట్టును. ఈలోగా కాలేయము దానిని మరింత తీవ్రమైన రూపమునకు మార్చును. మన చెల్లెమ్మగారు పడిపోవుటకు కారణము ఈ జాప్యమే. సంవత్సరముల తరబడి వాడినవారిలో ఆగని వాంతులు, వేడినీటి స్నానముతో మాత్రమే ఉపశమనము, అను విచిత్ర వ్యాధిని ఆస్ట్రేలియా వైద్యులు 2004లో వర్ణించినారు. వాంతిని ఆపునని పేరుపొందిన ద్రవ్యమే వాంతికి హేతువగుట చూడండి! రక్తము పలుచబడుటకు వార్ఫరిన్ వాడువారికి దీనివలన రక్తస్రావ భయము పెరుగును.

వైద్యములో దీనికి తావే లేదనుట కూడా అసత్యమే అగును. క్యాన్సరు చికిత్సలో వచ్చు వాంతులకు 1985లో, పిల్లలలో వచ్చు రెండు కఠినమైన మూర్ఛ వ్యాధులకు 2018లో, అమెరికా ఔషధ సంస్థ అనుమతించిన మందులు కలవు. అవి తూకము తెలిసిన మందులు, నిర్ణీత రోగమునకు ఉద్దేశింపబడినవి.

మాటల మధ్యలో నాకు ఒక అనుమానము కలిగి, "అమ్మా, మిగిలిన బిళ్ళలు ఏమి చేసినారు?" అని అడిగినాను. "అక్కడే వంటింటి అలమారలో, ఊరగాయ సీసాల ప్రక్కన పెట్టి వచ్చాను" అన్నారు. ఆ ఇంట నాలుగేండ్ల మనుమడు ఉన్నాడు! అమెరికా విష నివారణ కేంద్రములకు, ఆరేండ్లలోపు పిల్లలు ఇటువంటి తినుబండారములను పొరబాటున తిన్న సంఘటనలు 2017లో 207 తెలిసిరాగా, 2021లో 3,054 తెలిసివచ్చినవి. రంగు రంగుల చక్కెర బిళ్ళను చూసి పసివాడు చేయి చాపక మానునా? అక్కడ అర్ధరాత్రి అయినను, నా ఎదుటనే కుమారునికి ఫోను చేయించినాను. నిద్రమత్తులో ఉన్న అబ్బాయి లేచి, డబ్బాలో ఎన్ని ఉన్నవో లెక్కపెట్టి, లెక్క సరిపోయినదని చెప్పువరకు మాస్టారుగారు కుర్చీలో కూర్చొనలేదు.

ఆమెకు నేను చెప్పినది చాలా సామాన్యమైన చికిత్స. రాత్రి భోజనము ఎనిమిది గంటలలోపు. పడుకొనుటకు ముందు గోరువెచ్చని నువ్వులనూనెతో అరికాళ్ళకు పావుగంట మర్దన, ఆ పిదప కాళ్ళు తుడుచుకొనుట (మరచినచో మరల జారిపడుదురు). గ్లాసు ఆవుపాలలో చిటికెడు జాజికాయ పొడి. చిటికెడు అంటే చిటికెడే, జాజికాయ కూడా మితిమీరినచో మతి చలించును. మోకాళ్ళకు మహానారాయణ తైలము పట్టించి, ఉప్పు మూటతో కాపడము. పగటి నిద్ర, మధ్యాహ్నము తరువాత కాఫీ మానవలెను.

మొన్న మణికట్టు కట్టు విప్పినారు. నాలుగున్నర గంటల నిద్ర పట్టుచున్నదట. ఇంకొక గంట కావలెనని ఆమె కోరిక. వర్షఋతుచర్య వచ్చే సంచికలో.