మన డాబా మీద ఎన్ని సెంటీమీటర్లు?

2020 అక్టోబర్ 14 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో హైదరాబాద్ బేగంపేటలో సుమారు 19 సెంటీమీటర్ల వాన నమోదైంది. అదే సమయంలో, ఉప్పల్ దాటి వరంగల్ హైవే మీద పోతే వచ్చే ఘట్‌కేసర్ మండలం సింగపూర్ టౌన్‌షిప్‌లో లెక్క 32 దాటింది. రెండింటికీ మధ్య దూరం 20 కిలోమీటర్లు అటూ ఇటూ. మరి నడుమ ఉన్న నాచారంలో, ఉప్పల్‌లో మీ ఇంటి మీద ఎంత పడినట్టు? టీవీలో కింద పరుగెత్తే అంకె ఎవరి డాబాదో గానీ మనది కాదు. మన అంకె మనమే తేల్చుకోవాలి. ఆరో తరగతి పిల్లలు చేయగలిగే పనే, ఖర్చు కూడా దాదాపు లేదు.

ముందు ఒక గుణకారం. చదరపు మీటరు జాగాలో 1 మి.మీ. ఎత్తున నీళ్లు నిలిస్తే సరిగ్గా 1 లీటరు. 100 గజాల శ్లాబు అంటే 83.6 చదరపు మీటర్లు. దాని మీద 1 సెం.మీ. వాన పడితే 836 లీటర్లు. 6 సెం.మీ. పడితే 5,000 లీటర్ల జలమండలి ట్యాంకర్ నిండినట్టే. హైదరాబాద్‌లో ఏడాదికి దాదాపు 80 సెం.మీ. కురుస్తుంది కనుక ఆ ఒక్క శ్లాబు మీద పదమూడు ట్యాంకర్ల నీళ్లు పడతాయి, పైపులోంచి వీధిలోకి పోతాయి. ఎండాకాలం బోరు ఎండిపోయి ట్యాంకర్ కోసం ఫోన్లు చేసే ఇళ్లలో ఈ లెక్క పిల్లలతోనే చేయించండి. ఇంకుడు గుంత గురించి మనం వేరే చెప్పక్కర్లేదు.

ఇక కొలత. గోడలు నిటారుగా ఉన్న స్టీలు డబ్బా, ఒక స్కేలు చాలు. డబ్బా ఎంత వెడల్పున్నా ఫర్వాలేదు. మూతి పెద్దదైతే ఎక్కువ చినుకులు పడతాయి, అడుగు కూడా అంతే పెద్దది కాబట్టి నీటి ఎత్తు మారదు. పిల్లలు దీన్ని ఓ పట్టాన నమ్మరు. చిన్న డబ్బా, పెద్ద డబ్బా పక్కపక్కన పెట్టి వాళ్లనే కొలవమనండి. బకెట్ మాత్రం వద్దు. పైన 30, అడుగున 22 సెం.మీ. వెడల్పున్న బకెట్లో 1 సెం.మీ. వానకే దాదాపు 1.8 సెం.మీ. నీళ్లు కనిపిస్తాయి. బకెట్ చూసి కుంభవృష్టి అనేవాళ్లు అందుకే ఎక్కువ.

చిన్న వానలను స్కేలు పట్టుకోలేదు. వాటి కోసం 10 సెం.మీ. మూతి ఉన్న గరాటును సీసా మీద బిగించి, పడిన నీటిని మెడికల్ షాపులో దొరికే 10 మి.లీ. సిరంజితో, సూది తీసేసి, కొలవాలి. ఆ మూతి వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు కాబట్టి ప్రతి 7.85 మి.లీ. నీరు 1 మి.మీ. వానతో సమానం. మూతిని కొలిచేటప్పుడు అర సెంటీమీటరు తప్పినా ఫలితం పది శాతం తేడా కొడుతుంది. వాతావరణ శాఖ లెక్కలో 2.5 మి.మీ. పడితేనే అది వాన పడిన రోజు, అంటే మన సిరంజి రెండుసార్లు నిండినంత. 64.5 మి.మీ. నుంచి భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. ఆ లెక్కన 2020లో బేగంపేటది అతి భారీ వర్షం, సింగపూర్ టౌన్‌షిప్‌ది అత్యంత భారీ వర్షం.

డబ్బాను నీళ్ల ట్యాంకుకీ పిట్టగోడకీ దూరంగా పెట్టాలి. గోడ మూడడుగులుంటే కనీసం ఆరడుగుల అవతల. శాఖవాళ్లు రోజూ ఉదయం 8.30కి చూస్తారు, మీరూ అప్పుడే చూడండి. నాచారంలో ఒక స్నేహితుడు, ఉప్పల్‌లో ఒక స్నేహితురాలు ఒకే రకం డబ్బాలతో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా రాస్తే, ఏ వాన రెండు చోట్లా ఒకేలా పడిందో, ఏది ఒక్క కాలనీని తడిపి పోయిందో నోట్‌బుక్కే చెబుతుంది.

ఉరుముల వేళ మాత్రం డాబా ఎక్కనివ్వకూడదు. అప్పుడు మెరుపు ఎంత దూరంలో ఉందో ఇంట్లో కూర్చునే కొలవొచ్చు. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. తొమ్మిది సెకన్లు అంటే ఉప్పల్ రింగ్ రోడ్డులో ఉన్నవాళ్లకు ఆ మెరుపు నాచారం అంత దూరంలో మెరిసినట్టు. ముప్పై సెకన్ల లోపు ఉరుము వచ్చిందంటే బయట ఉండకూడదు.

పుస్తకాల్లో తరచూ కనిపించే మరో ప్రయోగం, సీసా మూతికి బుడగ రబ్బరు బిగించిన బారోమీటర్. నన్నడిగితే దాన్ని వదిలేయడమే మేలు. గది వేడి 5 డిగ్రీలు మారితే లోపలి గాలి 1.7 శాతం వ్యాకోచిస్తుంది. సముద్రమట్టం నుంచి మన ఊరు ఉన్న ఎత్తులో గాలి పీడనం 950 హెక్టోపాస్కల్స్ చుట్టుపక్కల ఉంటుంది, మామూలు రోజున అందులో మార్పు అర శాతం కూడా ఉండదు. పిల్లలు పీడనం అనుకుని రాసుకునేది నిజానికి వేడి.

దానికి బదులు గోడకు తగిలించే థర్మామీటర్లు రెండు కొని, ఒకదాని బుడ్డికి తడి గుడ్డ చుట్టి విసనకర్రతో విసరమనండి. జ్వరం చూసేది పనికిరాదు, పాదరసం ఉన్నది అసలు వద్దు. మే నెలలో గాలి 40 డిగ్రీలు, తేమ 25 శాతం ఉన్న మధ్యాహ్నం తడిది 24 దగ్గరికి దిగుతుంది. ఆగస్టులో 30 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న రోజున 26 దగ్గరే ఆగిపోతుంది. ఒకచోట పదహారు డిగ్రీల తేడా, ఇంకోచోట నాలుగే. గుడ్డలోని నీరు ఆవిరవుతూ వేడిని లాక్కోవడం వల్లే ఈ చల్లదనం. లీటరు నీరు ఆవిరవుతూ లాక్కునే వేడి మూడింట రెండు యూనిట్ల కరెంటుకు సమానం. గాలి పొడిగా ఉన్నంతవరకే నీరు జోరుగా ఆవిరవుతుంది. అందుకే మేలో ప్రాణం పోసే కూలర్, వానలు మొదలయ్యాక ఎంత నీళ్లు పోసినా ఉక్కపోతనే పెంచుతుంది.