కోచ్ సరిదిద్దాక ఆట ఎందుకు తడబడుతుంది?

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో షటిల్ నేర్చుకునే పిల్లలకు ఇది తెలిసిందే. కోచ్ రాకెట్ పట్టు మార్చగానే, నిన్నటిదాకా గీత లోపల పడ్డ సర్వీసు నెట్‌కి తగులుతుంది. ఎందుకు?

అలవాటైన కదలికను మనం ఆలోచించకుండానే మెదడు నడిపిస్తుంది. కొత్త పట్టులో వేళ్లు, మణికట్టు, భుజం అన్నిటినీ గమనించుకోవాలి. అందుకే చెయ్యి నెమ్మదిస్తుంది, టైమింగ్ తప్పుతుంది. పాత అలవాటేమో చెరిగిపోదు. హడావిడిలో మళ్లీ తలెత్తుతుంది.

గోల్ఫ్‌లోనూ అంతే. 1997 మాస్టర్స్ టోర్నీని 12 స్ట్రోకుల తేడాతో గెలిచాక కూడా టైగర్ వుడ్స్ తన స్వింగ్ మార్చుకున్నాడు. 1998లో పీజీఏ టూర్‌లో ఒక్క టైటిలే దక్కింది. 2000లో మాత్రం మూడు మేజర్ టోర్నీలు గెలిచాడు.

మరి కొత్త పట్టును అలవాటు చేసుకోవడం ఎలా? ముందు షటిల్ లేకుండా నెమ్మదిగా రాకెట్ ఊపండి. తర్వాత మెల్లగా కొట్టండి, ఆపైనే వేగం. ఒకసారికి ఒక్క మార్పే. రోజూ కొంచెం సాధన చేసి కంటినిండా నిద్రపోండి. నేర్చుకున్నదాన్ని మెదడు నిద్రలోనూ పదిలపరుస్తుంది.