పాత బుల్లెట్ ఇంజిన్ టకటకలాడేది ఎందుకు?

పాత ఇనుప సిలిండర్ బుల్లెట్ 350 నిశ్శబ్దంగా నడవదు. అందులో 70 మిల్లీమీటర్ల పిస్టన్ 90 మిల్లీమీటర్ల మేర పైకీ కిందికీ కదులుతుంది. కొంత చప్పుడు సహజమే. కొత్తగా కొన్న పాత బండిలో తేల్చాల్సింది ఏ చప్పుడు ఎక్కడిదన్నది. చప్పుడు వెతికే ముందు ఆయిల్ సరిపడా ఉందో చూడాలి.

మెకానిక్‌లు పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్‌కు ఆనించి, పిడిని చెవికి చేరుస్తారు. ఉక్కు కడ్డీ శబ్దాన్ని నేరుగా మోసుకొస్తుంది. డాక్టరు స్టెతస్కోపుకు ఇది పేద చుట్టం.

పక్కనుంచి సన్నని టక్‌టక్ వస్తే మొదటి అనుమానం ట్యాపెట్ల మీదే. క్రాంక్ రెండుసార్లు తిరిగితే వాల్వులను తెరిచే క్యామ్ ఒక్కసారే తిరుగుతుంది. అందుకే ఈ చప్పుడు ఇంజిన్ వేగంలో సగం లయలో వినిపిస్తుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, కంప్రెషన్‌లో పిస్టన్‌ను పైకొసకు తెచ్చి, పుష్‌రాడ్‌ను వేళ్లతో తిప్పి చూస్తారు. అది సులువుగా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. ట్యాపెట్‌ను మరీ బిగిస్తే చప్పుడు పోతుంది గానీ, వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. అంతకంటే టకటకే నయం.

స్టార్ట్ చేయగానే డబడబమని మోగి, వేడెక్కాక తగ్గితే పిస్టన్ సిలిండర్ గోడకు తగులుతున్నట్టు. వేడికి పిస్టన్ వ్యాకోచించి సందు తగ్గుతుంది. క్లచ్ నొక్కగానే మారే శబ్దాన్ని క్లచ్ వైపు వెతకాలి. ఎత్తు ఎక్కేటప్పుడు అడుగునుంచి బరువైన దడ్‌దడ్ వస్తే అది బిగ్ ఎండ్ బేరింగ్ కావచ్చు. ఇంజిన్ విప్పి చూసేదాకా ఆ బండి నడపకూడదు.